అక్షరము, అంకె, అంగడి



చదువ నేర్చుట, లెక్కింప నేర్చుట అను రెండు విద్యలు మన నిత్యజీవనమును ఏ రీతిగా తీర్చిదిద్దుచున్నవి, వానిని పసితనమున ఏ రీతిగా నేర్పవలయును అనునది నేటి ప్రసంగమునకు నాకొసగబడిన విషయము. ఇట్టి విషయమును గూర్చి సామాన్యముగా పలుకుట మిక్కిలి సులభము. విద్యామహిమను పొగడుచు, అవిద్యను నిందించుచు, నాకిచ్చిన వ్యవధినంతయు నెట్టుకొని రావచ్చును. నేను అట్లు చేయదలపలేదు. రెండువందల యేండ్ల క్రిందట ఒక అధికారి మన వీథిబడులను చూచి వ్రాసిన నివేదిక యొకటి కలదు. దానిని ముందుంచుకొని, నాటి బడియందేమి యుండెను, నేటి బడియందేమి లేదు అని విచారించెదను.

చెన్నపట్టణపు గవర్నరుగా నుండిన సర్ తామస్ మన్రో 1822లో తన యేలుబడిలోని కలెక్టర్లందరకును ఒక ఉత్తరువు పంపెను. మీ జిల్లాలో బడులెన్ని, చదువువారెందరు, వారు చదువునది యేమి అని విచారించి తెలుపుడని దాని సారాంశము. పెక్కుమంది కలెక్టర్లు ఒక పట్టికను నింపి పంపి చేతులు దులుపుకొనిరి. బళ్ళారి కలెక్టరు అలెగ్జాండర్ డంకన్ క్యాంబెల్ మాత్రము అంతటితో తృప్తినొందలేదు. ఆయన తెలుగునకు ఇంగ్లీషున వ్యాకరణమును, నిఘంటువును కూర్చినవాడు. బడిలో పిల్లవాడు ఏమి పాడుచున్నాడో, పంతులు ఏమి పలికించుచున్నాడో విని తెలిసికొనగలవాడు. 1823 ఆగస్టులో ఆయన పంపిన నివేదికను బట్టి, నేటి అనంతపురసీమ కూడ చేరియుండిన నాటి బళ్ళారి జిల్లాలో తొమ్మిది లక్షల పైచిలుకు జనమునకు 533 బడులును, 6,641 మంది విద్యార్థులును ఉండిరి. బడులలో 235 కన్నడమువి, 226 తెలుగువి; తక్కినవి మరాఠీ, పారసీ, సంస్కృతము, అరవము మున్నగువానివి; ఇంగ్లీషు బడి ఒకే ఒకటి. ఆ ఆరువేల పైచిలుకు విద్యార్థులలో బాలికలు 60 మంది. ఈ చివరి సంఖ్యను శ్రోతలు జ్ఞాపకముంచుకొనవలయునని ప్రార్థించుచున్నాను. దానితో తరువాత పని కలదు.

ఐదేండ్లు నిండిన బాలుని బడిలో వేయుట నాడొక చిన్న పండుగ. పంతులును బడిపిల్లలును వాని యింటికి వచ్చి వినాయకుని ప్రతిమ చుట్టును కూర్చుందురు. పంతులు బాలుని వ్రేలు పట్టుకొని బియ్యములో దేవుని పేరు దిద్దించును. నేటికిని బాసరకు పోయిన తల్లిదండ్రులు చేయించునది యిదియే కనుక దీనిని వివరింప బనిలేదు. మరునాటినుండి ఆరంభమగునది వేఱు. ఉదయమున అందరికంటె ముందు బడికి వచ్చినవాని అరచేతిలో సరస్వతి పేరు వ్రాయుదురు, అది గౌరవచిహ్నము. రెండవవాని అరచేతిలో సున్న చుట్టుదురు. పొగడ్తయు లేదు, తెగడ్తయు లేదు అని దాని యర్థము. మూడవవానికి మెల్లగా ఒక దెబ్బ, నాలుగవవానికి రెండు, ఆ పిమ్మట వచ్చువారికి తలకొకటి చొప్పున పెంపు. ఆలస్యముగా వచ్చు ముప్పదియవ పిల్లవానికి తన వంతు దెబ్బలెన్నో తెలియుటకు లెక్క రావలసినదే కదా! అంకెల శ్రేఢి ఇంతకంటె గాఢముగా ఒంటబట్టు ఉపాయము లేదుగాని, దానిని నేను సమర్థించుటలేదు. దూలమునకు త్రాడు కట్టి పిల్లవానిని చేతులతో వ్రేలాడదీయుట, గుంజిళ్ళు తీయించుట గూడ ఆ నివేదికలో నున్నవి. వ్రేలాడదీయు ఆ శిక్షకు పేరగు కోదండము అను మాట విన్న ముదుసలులు ఇంకను కొందఱు మనలో నుండవచ్చును. ఆ బడులను బంగారుకాలముగా వర్ణించు వారు ఈ పుటలను త్రిప్పివేయుచుందురు.

క్యాంబెల్ దొర చూచిన వానిలో నన్ను మిక్కిలి ఆకర్షించినవి రెండు సంగతులు. అవి రెండును ఒకే బడిలో, ఒకే పంతులు చేతిక్రింద, ఒకే పూట జరుగుచుండినవైనను ఒకదానికొకటి పూర్తిగా విరుద్ధములు.

మొదటిది అక్షరవిద్యను గూర్చినది. పిల్లలు వ్రేలితో ఇసుకలో అక్షరములు దిద్ది, గుణింతములు, ఒత్తులు నేర్చి, పద్యములను కంఠస్థము చేయుచుండిరి. కాని ఆ పద్యముల భాష వారు ఇంటిలో మాటలాడు భాష కాదు, వాని భావము వారికి తెలియదు, పెక్కుచోట్ల పంతులునకును తెలియదు. నేర్పిన మాటలు పలుకు చిలుకకు ఎంత అర్థమగునో ఈ బాలురకు అంతే యర్థమగుచున్నదని ఆయన విచారముతో వ్రాసెను.

రెండవది అంకెవిద్యను గూర్చినది. ఒకటి మొదలు నూరు వరకు లెక్క వచ్చిన తరువాత కూడికలు, తీసివేతలు, ఎక్కములు. వానితోపాటు నాణెముల మార్పు, కొలతల మార్పు. భిన్నములయందు విశేష శ్రద్ధ. ఆ భిన్నములు నేటివలె పదింటి చొప్పున కాక నాలుగింటి చొప్పున దిగజారుచు చాల దూరము పోవును. ఈ భిన్నములను, ధాన్యపు కొలతలను, తూనికలను, నేల కొలతలను పిల్లలు దినమునకు రెండుమారులు వరుసగా నిలువబడి, పెద్దపిల్లవాడొకడు చెప్పగా ఎలుగెత్తి వల్లించుచుండిరి.

అనగా, అక్షరము జీవితమునకు దూరముగా నుండెను. అంకె జీవితమునకు మిక్కిలి చేరువగా నుండెను. ఈ రెండువందల యేండ్లలో మనము చేసిన పని యేమనగా, అక్షరమును మెల్లమెల్లగా జీవితమునకు చేరువ చేసితిమి. అదే కాలమున, మనకు తెలియకుండనే, అంకెను జీవితమునుండి విడదీసితిమి. నేను నేడు చెప్పదలచిన మాట యిదియొక్కటియే.

మొదట అంకె సంగతి. నాలుగింటి చొప్పున దిగజారు భిన్నములన్నచో నేటి విద్యార్థికి వింతగా నుండవచ్చునుగాని, అది నాటి అంగడి నడక. పూర్ణమును నాలుగు చేసిన పాతిక, పాతికను నాలుగు చేసిన వీసము, వీసమును నాలుగు చేసిన కాణి. వీనికి మన లిపిలో వేఱుగా గుర్తులు కూడ నుండెడివి. పాతిక, అర, ముప్పాతికలకు నిలువు గీతలు, వీసము తరగతి వానికి అడ్డగీతలు, మరల దిగువమెట్టునకు నిలువు గీతలు. పాత కరణములు పోయి, వారి కవిలెలు చెదలుపట్టిన తరువాత ఈ గుర్తులను చదువగలవారు అరుదైరి. ఆశ్చర్యమేమనగా, 2008లో ఆ గుర్తులకు కంప్యూటర్ల లిపిపట్టికయగు యూనికోడులో చోటు దొరికినది. మానవులు మఱచినదానిని యంత్రము జ్ఞాపకముంచుకొన్నది. ధాన్యమునకు నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచము, నాలుగు కుంచములు తూము, ఇరువది తూములు పుట్టి. ఈ వరుసను చూడుడు: పుట్టిని విడిచినచో తక్కినవన్నియు రెండింటితోనో నాలుగింటితోనో నడచును. కొలపాత్రలు రెండు చేతనున్న అమ్మ దానిని కాగితము లేకుండ సగము చేయుచు, సగములో సగము చేయుచు పోగలదు. పాలేరునకు జీతపు గింజలు కొలిచినను, చాకలికి మేర కొలిచినను, అప్పుదెచ్చిన విత్తులను నాగుతో తిరిగి కొలిచినను ఈ గణితమే. తూనికలో మూడు తులములు పలము, నలువది పలములు వీసె, ఎనిమిది వీసెలు మణుగు. రూపాయకు పదునాఱణాలు, అణాకు పండ్రెండు దమ్మిడీలు. బడిలో వల్లించిన ఎక్కము సాయంకాలము అంగడికి పోగానే పనికివచ్చెడిది. పనికివచ్చినది గనుక మరునాడు మఱచిపోవుట జరుగదు.

గణితమునకును తెలుగునకును గల చుట్టరికము క్రొత్తది కాదు. నన్నయ నాటి శతాబ్దముననే పావులూరి మల్లన మహావీరాచార్యుని గణితసారసంగ్రహమును తెలుగు పద్యములలోనికి దింపెను. మహావీరుడు తన గ్రంథారంభముననే లౌకికము కానిండు, వైదికము కానిండు, గణితము అక్కఱలేని వ్యవహారము లేదని నొక్కి చెప్పినవాడు. లెక్కను లోకవ్యవహారముతో కలిపి చూచుట మన పెద్దల అలవాటు. అది వీథిబడి దాక దిగివచ్చినది.

ఇక అక్షరము సంగతి. క్యాంబెల్ 1823లో పట్టిచూపిన లోపమును, తొంబది యేండ్లు గడచిన తరువాత, గిడుగు రామమూర్తి పంతులుగారు ఒక మహోద్యమముగా చేపట్టిరి. బిడ్డ ఇంట మాటలాడు మాటకును బడిపుస్తకములోని మాటకును నడుమ అగడ్త త్రవ్వి, ఆవలియొడ్డున నిలిచి రమ్మని పిలుచుట విద్య కానేరదని వారు వాదించిరి. వాదించుటతో తృప్తినొందక, పర్లాకిమిడి ప్రాంతపు కొండలలోని సవరల భాషను తాము నేర్చి, ఆ భాషలో వాచకములు వ్రాసి, సవర పిల్లలకు బడులు పెట్టించిరి. ఏ భాషలో బిడ్డకు ఆకలి తెలియునో ఆ భాషలోనే ఓనమాలు మొదలు పెట్టవలయునను సూత్రమును ప్రపంచమందలి విద్యావేత్తలు నేడు శాస్త్రముగా బోధించుచున్నారు. ఈ మాటను నేను గ్రాంథికచ్ఛాయగల భాషలో పలుకుచుండుట పంతులుగారు విన్నచో నవ్వియుందురు. అలవాటుపడిన ముసలి నాలుకను క్షమింతురని నా నమ్మకము. ఏమైనను వారి గెలుపు సంపూర్ణము. నేడు ఒకటవ తరగతి తెలుగు వాచకము తెరచినచో అందు బిడ్డకు తెలిసిన మాటలే, బొమ్మలతో, కనబడును. వర్ణమాల వరుసను పట్టుకొని వ్రేలాడక, ఆకారమున తేలికయైన అక్షరములను ముందు నేర్పి, వానితో వెంటనే మాటలు కట్టించు పద్ధతియు వచ్చినది. ఇవన్నియు మంచి మార్పులు.

ఇసుకలో వ్రాయించుటను గూర్చి ఒక మాట చెప్పి సాగెదను. 1789లో చెన్నపట్టణమున ఎగ్మూరులోని అనాథ బాలుర శరణాలయమునకు అధికారిగా వచ్చిన ఆండ్రూ బెల్ అను స్కాట్లండు మతాచార్యుడు, దేశీయపు బడిలో పిల్లలు ఇసుకలో వ్రేలితో వ్రాయుటను, పెద్దపిల్లలు చిన్నపిల్లలకు నేర్పుటను చూచి, ఆ రెంటిని తన శరణాలయమున ప్రవేశపెట్టెను. 1797లో లండనులో దానిని గూర్చి గ్రంథము ప్రకటించెను. ఇంగ్లండులోని బీదపిల్లల బడులలో వేనవేలు ఈ పద్ధతిపై నడచినవి. క్యాంబెల్ సయితము ఇసుకలో వ్రాయించు ఈ పొదుపును, ఈ పరస్పరబోధనను మెచ్చి, ఇంగ్లండు దీనిని అనుకరించుట తగినదేయని వ్రాసెను. 1939లో మదరాసునకు వచ్చి అడయారులో ఉపాధ్యాయులకు శిక్షణ నిచ్చిన ఇటలీ విద్యావేత్త మాంటిసోరి మహాశయురాలు గరుకు కాగితపు అక్షరములను బిడ్డలచే వ్రేలితో తడిమించుచుండెను. చేతివ్రేలికి తెలిసినది కంటికంటె ముందుగా మనస్సునకు తెలియునను సంగతి మన ఇసుకబడి పంతులునకు శాస్త్రము చదువకయే తెలిసియుండెను. తరువాత మార్కాపురపు పలక వచ్చినది, బలపము వచ్చినది, కాగితము వచ్చినది. నేడు కొన్ని యిండ్లలో రెండేండ్ల బిడ్డ గాజుపలకపై వ్రేలు జార్చుచున్నాడు. ఆ వ్రేలికి తగులు గరుకుదనము లేదు.

అక్షరమింతగా బాగుపడుచుండగా అంకె యెట్లు విడిపోయెను? ఒక కారణము మంచిదే. 1957 ఏప్రిల్ 1వ తేదీన రూపాయకు నూఱు నయాపైసలు వచ్చినవి. 1956 చట్టమును బట్టి 1958 అక్టోబరునుండి కిలోగ్రాములు, ఆపై లీటర్లు, మీటర్లు క్రమముగా అంగళ్ళలోనికి దిగినవి. పదింటి లెక్క దేశమంతటికి ఒక్కటిగా నుండుట గొప్ప సౌకర్యమే. ఆ సంధికాలమున అణాకు ఆఱుంబావు నయాపైసలు రాగా, సర్కారు పట్టిక ఒక అణాకు ఆఱు, రెండణాలకు పండ్రెండు, మూడణాలకు పందొమ్మిది, నాలుగణాలకు ఇరువదియైదు అని నిర్ణయించినది. పాతికకు పాతిక సరిపోయినదిగాని నడుమ నున్న పావుల సంగతి అంగడివాని ధర్మమునకు వదలబడెను. నాటి గృహిణులు ఆ పట్టికను నోటికి నేర్చి నిలదీసిన దినములు కొన్ని గలవు. కాని ఆ మార్పుతో పాత కొలతల ఎక్కములన్నియు ఒక్కమారుగా వ్యర్థములైనవి; వాని స్థానమున క్రొత్తవానిని బ్రతుకుతో ముడివేసి నేర్పవలసిన బడి, ముడి వేయుట మాని, అంకెలను పుస్తకములోనే ఉంచివేసినది. రెండవ కారణము పరీక్ష. పరీక్షకు కావలసినది కాగితముపై గీతల క్రింద వచ్చు సమాధానము. అది యెక్కడిది, దేనికి అని అడుగువారు లేరు.

ఈ విడిపోవుట మనయందే జరిగినది కాదు. బ్రెజిల్ దేశమున రెసీఫె నగరపు వీథులలో కొబ్బరికాయలు, పండ్లు అమ్ముకొను ఐదుగురు పిల్లలను కొందఱు పరిశోధకులు కొనువారివలె పోయి పరీక్షించి 1985లో ప్రకటించిన సంగతి ప్రసిద్ధము. అంగడిలో అడిగిన లెక్కలలో ఆ పిల్లలు నూటికి తొంబదియెనిమిది సరిగా చెప్పిరి. అవియే అంకెలను కాగితముపై వ్రాసి అడుగగా నూటికి ముప్పదియేడు మాత్రమే చేసిరి. పండ్రెండేండ్ల బాలుడొకడు ముప్పదియైదు చొప్పున పది కాయల వెల చెప్పవలసిరాగా, మూడింటికి నూటయైదు, ఇంకొక మూడింటితో రెండువందల పది, మరి మూడింటితో మూడువందల పదునైదు, మిగిలినదొకటి, కనుక మూడువందల యేబది యని తేల్చెను. ముప్పదియైదును పదింట గుణించుటకు చివర సున్న చేర్చిన చాలునని బడిలో చెప్పినది వానికి తోచనే లేదు. నాలుగు కాయలకు నూటనలువది యని నోటితో సరిగా చెప్పి, కాగితముపై ముప్పదియైదును నాలుగింట గుణించి రెండువందలని వ్రాసిన సంగతియు అందు కలదు. నూటనలువది నోటిలోనుండగా చేయి రెండువందలని వ్రాసినది. ఆ రెండింటిని పక్కపక్కన పెట్టి చూడుమని వానికి చెప్పినవారు లేరు.

ఇది దూరదేశపు కథ యని అనుకొనవలదు. 2025లో ‘నేచర్’ పత్రికయందు కలకత్తా, ఢిల్లీ అంగళ్ళలో పనిచేయు పిల్లలను గూర్చిన పరిశోధన వెలువడినది. ఆర్థికశాస్త్రమున నోబెలు బహుమతి నందిన అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో అందు పాల్గొనిరి. అంగడి పిల్లలు బేరపు లెక్కలను చిటికెలో చెప్పి, బడిలెక్కల యెదుట తడబడిరి. ఇంతవరకు పాత సంగతియే. అంతకంటె బాధాకరమైనది రెండవ భాగము: బడిలో లెక్కలు బాగుగా చేయు పిల్లలు అంగడిలెక్కల యెదుట నిలువలేకపోయిరి. ఒకనికి బ్రతుకు నేర్పినది బడికి పనికిరాలేదు. ఇంకొకనికి బడి నేర్పినది బ్రతుకునకు పనికిరాలేదు. ఈ రెండవవాని తల్లిదండ్రులు వానికి నూటికి తొంబది వచ్చినవని సంతసించుచున్నారు.

ఆ సంతసమునకు పెద్దతనమున చెల్లింపవలసిన వెల యెట్టిదో మన పల్లెలలోనే చూతము. మన వైపు అప్పు పుచ్చుకొనునపుడు నూటికి రెండు రూపాయల వడ్డీ, మూడు రూపాయల వడ్డీ అందుము, అది నెలకు. బ్యాంకువాడు నూటికి పండ్రెండు అనును, అది యేటికి. రెండు చిన్నది, పండ్రెండు పెద్దది యను బాలగణితముతో బ్యాంకును విడిచి వడ్డీవ్యాపారిని చేరినవాడు, నిజమునకు నూటికి ఏటికి ఇరువదినాలుగు కట్టుచున్నాడు. అక్షరము వచ్చినవాడే ప్రాంసరీనోటును చదివి, సంతకము చేసి, ఈ గోతిలో పడుచున్నాడు. నేల సంగతి చూడుడు. తెలంగాణమున ఎకరమునకు నలువది గుంటలు. ఆంధ్రమున నూఱు సెంట్లు. పట్టా పుస్తకమున 2.20 అని యున్నచో తెలంగాణమున అది రెండెకరముల యిరువది గుంటలు, అనగా రెండున్నర యెకరములు. ఆంధ్రమున రెండెకరముల యిరువది సెంట్లు, అనగా రెండెకరములును అయిదవవంతును. ఒకే అంకెలు, ఒకే చుక్క. నడుమ ముప్పది సెంట్ల నేల. ఎల్లకు ఈవలి వాడు ఆవల భూమి కొనునపుడు ఈ చుక్క ఏమి చెప్పుచున్నదో తెలియని పట్టభద్రులను నేనెఱుగుదును. బిడ్డకు విరేచనములైనపుడు ఆసుపత్రిలో ఇచ్చు ఉప్పుచక్కెర పొట్లమును లీటరు నీటిలో కలుపవలయును. నీరు తగ్గినచో కీడు, హెచ్చినచో నిష్ఫలము. లీటరనగా ఎంతయో కన్నులకు తెలియని తల్లికి ఆ పొట్లముపై అక్షరములు చదువ వచ్చినను ప్రయోజనమేమి?

చదువును లెక్కయు ఒకదాని చేయి ఒకటి పట్టుకొన్నపుడు ఏమి జరుగునో కూడ మన యెదుటనే జరిగినది. 1988లో జాతీయ అక్షరాస్యతా ఉద్యమము ఆరంభమైన తరువాత నెల్లూరు జిల్లాలో రాత్రిబడులు విస్తారముగా వెలసినవి. ఆ వాచకములలో సీతమ్మ కథయను పాఠమొకటి; మగని త్రాగుడువలన గుల్లయైన సంసారపు కథ. పగలెల్ల కూలిచేసి రాత్రి లాంతరు వెలుగున ఆ పాఠమును కూడబలుకుకొన్న స్త్రీలు అది తమ కథయేనని గ్రహించిరి. 1992లో దూబగుంట స్త్రీలు, రోశమ్మ మొదలగువారు, సారా అంగడి మూయించిరి. అది ఊరూర ప్రాకినది. 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలోను, ఆ యేడు అక్టోబరు 1న రాష్ట్రమంతటను సారా నిషేధింపబడెను. బళ్ళారి నివేదికలోని 60 మంది బాలికలను జ్ఞాపకముంచుకొనుడని కోరితిని. 170 యేండ్ల తరువాత ఆ తెలుగు స్త్రీలు ప్రభుత్వపు ఆదాయమునకే యెసరు పెట్టిరి.

పత్రికలు అంతవరకే వ్రాసి విడిచినవి. నాకు దాని తరువాతి భాగము ఇంకను ముఖ్యముగా తోచును. ఆ స్త్రీలే సంఘములుగా కూడి దినమునకు రూపాయ చొప్పున దాచుట మొదలిడిరి. పొదుపులక్ష్మి యని దానికి పేరు. నెలకు ముప్పది రూపాయలు, సంఘములో ఇంతమంది, ఇంత మొత్తము, అందులో ఎవరికెంత అప్పు, దానికి ఎంత వడ్డీ, తీర్చినది పోగా మిగిలినదెంత. ఆ పుస్తకమును వ్రాయుటకు మొదట చదువుకొన్న పిల్లనొకతెను పిలిచెడివారు. ఆ పిల్ల కూడిక తప్పినపుడు, అక్షరము సరిగా రాని ముసలమ్మ నోటిలెక్కతో తప్పును పట్టెడిది. ముసలమ్మ నోటిలెక్కయు పిల్ల వ్రాతలెక్కయు ఆ పుస్తకముపై కలిసికొన్నవి. రెసీఫె పిల్లవాడు కాగితమును నోటిని కలుపలేకపోయిన చోటనే వీరు కలుపగలిగిరి. ఏలనన అది వారి డబ్బు.

ఇంత జరిగినను మన జనాభాలెక్కలలో అక్షరాస్యుడన నెవరు? ఏడేండ్లు నిండి, ఏదేని యొక భాషలో అర్థము తెలిసి చదువను వ్రాయను నేర్చినవాడు. లెక్కింప వచ్చునా యని గణకుడు అడుగడు. 1951లో దేశమున నూటికి పదునెనిమిదిమంది అక్షరాస్యులు. 2011లో ఉమ్మడి ఆంధ్రప్రదేశమున నూటికి అఱువదియేడుగురు. ఈ పెరుగుదల సంతోషకరమే. కాని ఆ అఱువదియేడుగురిలో నూటికి మూడు రూపాయల వడ్డీ యనగా ఏటికెంతయో చెప్పగలవారెందరో ఆ పట్టిక చెప్పదు. నోటిలెక్క వచ్చిన ఆ ముసలమ్మ ఆ పట్టికలో నిరక్షరాస్యురాలు. ఆమెయందలి విద్యకు మనము పేరే పెట్టలేదు.

ఇటీవల ప్రభుత్వములు ఈ లోపమును గుర్తించినవి. 2021 జూలైలో ఆరంభమైన నిపుణ్ భారత్ అను కార్యక్రమము మూడవ తరగతి ముగియునప్పటికి ప్రతి బిడ్డకును అర్థముతో చదువుటయు, ప్రాథమికమైన లెక్కయు రావలయునని నియమించినది. తెలంగాణమున 2022లో తొలిమెట్టు పేర ఇట్టిదే మొదలైనది. చదువును లెక్కను ఒకే నోట పలికిన కార్యక్రమమని దీనిని ఆహ్వానింపవలసినదే. అయినను ఉపాధ్యాయులతో ఒక మనవి చేయవలసియున్నది: మూడవ తరగతి బిడ్డ రెండంకెల తీసివేత చేసెనా లేదా యని పట్టికలో గుర్తుపెట్టి తృప్తినొందిన యెడల మనము మరల రెసీఫె కాగితమునే నింపినవారమగుదుము.

అట్లయిన ఏమి చేయవలయును? మన యిండ్లలో సాధనములు కొల్లలు. వామనగుంటల పీట యెదుట కూర్చున్న ఆఱేండ్ల పిల్ల, ఏ గుంటనుండి గింజలు తీసినచో చివరి గింజ ఎక్కడ పడునో తీయకముందే ఊహించుకొనును. కూడికయు, ముందుచూపును, ఎదుటివారి యెత్తును కనిపెట్టుటయు అందే కలవు. అష్టాచెమ్మలో గవ్వలు పడిన తీరునుబట్టి ఎన్ని గడులు నడువవలయునో లెక్కించుట బిడ్డకు ఆట. దానినే మనము పాఠమందుము. చింతగింజలను పదేసి చొప్పున కుప్పలు పెట్టి, పది కుప్పలను ఒక గిన్నెలో పోసి నూఱని చూపినవాడు స్థానవిలువను నేర్పినట్లే. ఎక్కములు వల్లింపవలదని నేననను. వల్లించిన ఎక్కము జీవితాంతము తోడుగా నుండును, క్యాంబెల్ చూచిన వరుసలో నిలిచిన పిల్లలకు అదియే తోడైనది. కాని ఏడవ ఎక్కము వల్లించిన పూటనే ఏడు రూపాయల పెన్సిళ్ళు ఆఱు కొని, యాబది ఇచ్చి, చిల్లర యెంతయని అడుగవలయును. 1832లో పుదూరు సీతారామశాస్త్రిగారు కూర్చిన బాలశిక్ష మొదలు నిన్నమొన్నటి పెద్దబాలశిక్షల వరకు అక్షరములు, తిథులు, నక్షత్రములు, కొలతలు, తూనికలు ఒకే అట్టక్రింద నుండుట చూచి కొందఱు నవ్వుదురు. ఆ కలగూర కూర్పునకు ఒక వివేకమున్నది: బిడ్డకు రేపు కావలసినదంతయు అందుండవలయునని వారి తలంపు.

ఇంకొక చిక్కు క్రొత్తది. నేడు అంగడిలో త్రాసు తానే తూచి వెల చెప్పుచున్నది; ఫోను తానే డబ్బు చెల్లించుచున్నది; పైసలు ముట్టినవని పెట్టె యొకటి అరచి చెప్పుచున్నది. కొనువాడును అమ్మువాడును లెక్కించు పనిలేదు. యంత్రము తప్పు చెప్పదని మనము నమ్ముచున్నాము. యంత్రమునకు కిలో వెల యెంతయని మీటనొక్కినవాడు మనిషియేనని మఱచుచున్నాము. సుమారుగా ఎంత కావలయునో మనస్సులో ముందు తెలియనివానికి, తెరపై కనబడు సంఖ్య ఎక్కువో తక్కువో తెలియదు. ఒకటి రెండు తరగతులలోనే పిల్లలకు ఉజ్జాయింపు వేయుట నేర్పవలసిన యక్కఱ యందుకే హెచ్చినది. మన పాఠ్యపుస్తకములు దానికిచ్చిన చోటు చాలదు.

నా వ్యవధి ముగియవచ్చినది. ప్రాథమికోపాధ్యాయులకును, బడి యాజమాన్య సంఘములలోని తల్లిదండ్రులకును నా ప్రార్థన యొకటి. ప్రతి బడిలోను ఒకటి రెండు తరగతుల గదిలో ఒక తక్కెడ, గ్రాముల రాళ్ళు, లీటరు కొలపాత్ర, మీటరు టేపు, ఒక కిరాణా చీటీ, ఒక బస్సు టికెట్టు, ఒక విద్యుత్తు బిల్లు ఉండునట్లు చేయుడు. చదువు పాఠమునకును లెక్కల పాఠమునకును అవియే వస్తువులు కానిండు. వీనికి అగు ఖర్చు స్వల్పము. వచ్చు విద్యాసంవత్సరము మొదలగులోపల వానిని సమకూర్పుడని వేడుకొనుచు సెలవు పుచ్చుకొనుచున్నాను.